నీళ్ళు తాగే బండి

మా అనంతపురంలో పాత కార్లు తుప్పు పట్టి పోవు, ఎండి పోతాయి. నెల్లూరు, విశాఖ వైపు బండికి పదేళ్ళు దాటితే చాలు, డోర్ల అడుగు అంచులూ కాళ్ళ కింద ఫ్లోరు రేకూ ఉప్పుగాలికి పొరలు పొరలుగా లేచి వస్తాయి. మాకు సముద్రం లేదు, చెప్పుకోదగ్గ వానా లేదు. ఏడాది పొడుగునా కలిపితే సగటున 550 మిల్లీమీటర్లు, అదీ కురిసిన ఏడాది. అందుకని రేకు గట్టిగానే ఉంటుంది. బానెట్టు మీద రంగు వెలిసి తెల్లబడుతుందేమో గానీ చిల్లు పడదు. ఇక్కడ ముందు పోయేది రబ్బరు. వైపరు బ్లేళ్ళు వేరే ఊళ్ళలో వాడి వాడి అరుగుతాయి, మా దగ్గర వాడకపోవడం వల్లే పాడవుతాయి. నెలల తరబడి అద్దం మీద ఎండకు మాడి, తొలకరి నాడు స్విచ్చు వేయగానే కీచుమంటూ అద్దాన్ని గీకేస్తాయి. టైర్లంతే. పైన గాళ్ళు బాగానే కనిపిస్తాయి, పక్క గోడలు మాత్రం సన్నటి బీటలు వారి ఉంటాయి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది, 2217 అంటే 2017లో ఇరవై రెండో వారం తయారీ. ఆ అంకె చూడకుండా గాళ్ళ లోతు చూసి కొనేవాడు మోసపోతాడు.

ముందు చక్రాలను తిప్పే యాక్సిల్ చివర్లలో రబ్బరు బూట్లుంటాయి. అవి ఎండి చీలితే లోపలి గ్రీజు బయటికి చిమ్ముతుంది, దుమ్ము లోపలికి పోతుంది. ఆ తర్వాత స్టీరింగు బాగా తిప్పి మలుపు తీసుకున్నప్పుడల్లా కింద నుంచి టక్ టక్ టక్ మని వినిపిస్తుంది. బూటు ఖరీదు వందల్లో, దాని లోపల ఉండే జాయింటు ఖరీదు వేలల్లో. గతుకుల రోడ్డు మీద కట్ కట్ మంటే లోయరు ఆర్మ్ బుష్షు. వేగం పెరిగే కొద్దీ హోరు పెరుగుతుంటే చక్రం బేరింగు. పొద్దున్నే స్టార్టు చేయగానే కీచుమని కాసేపటికి ఆగిపోతే బెల్టు.

ఇవన్నీ నేను మా కాలేజీ స్టాఫ్ రూములో చెప్తుంటే కొత్తగా చేరినవాళ్ళు ఆసక్తిగా వింటారు. పాతవాళ్ళు టీకని లేచిపోతారు. అడక్కపోయినా ఎందుకు చెప్తానా అని ఈమధ్య నన్ను నేనే నిలదీసుకున్నాను. వచ్చిన జవాబు అంత బాగాలేదు.

నాది మారుతి 800, సెకండ్ హ్యాండుది. నంబరు ఏపీ 02తో మొదలవుతుంది. 2019లో రాష్ట్రమంతటికీ కలిపి ఏపీ 39 వచ్చాక, బెంగళూరు సిగ్నళ్ళ దగ్గర ఆ 02 చూసి అద్దం దించి 'అనంతపురమా అన్నా' అని పలకరించేవాళ్ళూ తగ్గిపోతున్నారు. ఈ బండి చరిత్ర అందరికీ తెలిసిందే. 1983 డిసెంబరులో మొదటి బండి తాళాలు ఇందిరాగాంధీ చేతుల మీదుగా ఇచ్చారు. 2014 జనవరిలో తయారీ ఆపేశారు. ముప్పై ఏళ్ళలో పాతిక లక్షలకు పైగా తయారయ్యాయి. 796 సీసీ, మూడు సిలిండర్లు, 12 అంగుళాల చక్రాలు. 2000 ప్రాంతంలో కార్బొరేటరు పోయి, సెన్సార్ల లెక్కతో పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్ఐ వచ్చింది. నాది ఆ తర్వాతి రకం. మా మేస్త్రీ మాత్రం ఇప్పటికీ కార్బొరేటరు కాలాన్నే తలుచుకుంటాడు. "అప్పుడు జెట్టు ఇప్పి నోటితో ఊదితే బండి ఇంటికి పోయేది సార్. ఇప్పుడు సెన్సారు అలిగిందంటే దాన్ని బతిమాలేదానికి ల్యాప్‌టాప్ కావల్ల."

ఈ బండికి కరువుసీమలో వచ్చే అసలు జబ్బు వేడి. మిగిలినవన్నీ దాని తర్వాతే.

ఇంజినులో పుట్టే వేడిని నీళ్ళు తీసుకుపోయి రేడియేటరు సన్నగొట్టాల్లో గాలికి వదిలేసి వెనక్కి రావాలి. ఆ నీళ్ళెక్కడివి? కొత్తలో కంపెనీవాళ్ళు కూలంటు పోస్తారు. చేతులు మారిన బండిలో అది ఎప్పుడో ఆవిరై ఉంటుంది. ఆ తర్వాత ఏ ఊళ్ళో ఆగితే ఆ ఊరి బోరు నీళ్ళే. మా బోరు నీళ్ళ నిండా కాల్షియం, మెగ్నీషియం లవణాలు. వేడి తగలగానే అవి విడిపోయి గోడలకు పట్టుకుంటాయి. ఇంట్లో గీజరు కాయిలు ఊడదీసి చూసినవాళ్ళకు ఆ తెల్లటి పొలుసు తెలుసు. రేడియేటరు గొట్టాల్లో, ఇంజిను చుట్టూ నీళ్ళు తిరిగే సందుల్లో అదే పేరుకుంటుంది. పొలుసు వేడిని బయటికి పోనివ్వదు. గొట్టం సగం మూసుకుపోయినా బండి పైకి మామూలుగానే నడుస్తుంది. ఊళ్ళో తిరిగినన్నాళ్ళూ తెలియదు. ఎండాకాలం, నలుగురు ఎక్కి, ఏసీ వేసి, పెనుకొండ దగ్గర ఎత్తు ఎక్కేటప్పుడు తెలుస్తుంది.

అప్పుడు షెడ్డుకు పోతే జరిగే వైద్యం కూడా మా ప్రాంతానికి తగ్గట్టే ఉంటుంది. మొదట థర్మోస్టాటు పీకేస్తారు. ఇంజిను 80 డిగ్రీలు దాటి వేడెక్కేదాకా నీళ్ళను రేడియేటరులోకి పోనివ్వకుండా ఆపే చిన్న తలుపు అది. 'ఈ ఎండలకు అది దేనికి సార్' అని తీసి డబ్బాలో పారేస్తారు. దాంతో చల్లటి పొద్దుల్లో ఇంజిను వేడెక్కక పెట్రోలు ఎక్కువ తాగుతుంది. అసలు మూసుకుపోయిన గొట్టాలు అలాగే ఉంటాయి. తర్వాత ఫ్యాను. వేడి 90 దాటాక దానంతటదే తిరగాల్సిన ఫ్యానుకు డాష్‌బోర్డు మీద విడిగా స్విచ్చు పెడతారు. నా బండిలోనూ ఉంది, వైపరు స్విచ్చు పక్కన, ఇంట్లో దీపానికి వాడే తెల్ల స్విచ్చు. ఎవరైనా అదేమిటని అడిగితే నాకు లోలోపల పొంగు. కంపెనీ ఇంజనీర్లకు తట్టనిది మాకు తట్టినట్టు.

నిజానికి వంద రెండొందల్లో అయిపోయే జబ్బు మూతలో ఉంటుంది. రేడియేటరు మూత అంటే కుండ మీద మూకుడు కాదు. లోపల దాదాపు 0.9 కిలోల ఒత్తిడిని పట్టి ఉంచే స్ప్రింగు, రబ్బరు వాషరు ఉంటాయి. ఆ ఒత్తిడి వల్లే నీళ్ళు వంద డిగ్రీల దగ్గర మరగకుండా 120 దాకా ఓర్చుకుంటాయి. రబ్బరు ఎండితే ఒత్తిడి నిలవదు, వందకే మరిగి పొంగిపోతాయి. మనవాళ్ళు హెడ్డు దింపి, గ్యాస్కెట్టు మార్చి, అల్యూమినియం హెడ్డును లేతుకు పంపి సాపు చేయించి, ఇంత చేసి మళ్ళీ ఆ పాత మూతే పెడతారు. ఈ మాట ఎన్నోసార్లు చెప్పాను, చెప్పిన ప్రతిసారీ నాకెంతో తెలిసినట్టు అనిపించింది.

ఇక నీళ్ళ దగ్గరికి రావాలి. ఇది రాయడానికి ఇన్నాళ్ళూ వెనకాడాను.

కళ్యాణదుర్గం రోడ్డు మీద, ఏప్రిల్ మధ్యాహ్నం, వేడి చూపే ముల్లు ఎర్ర గీత తాకింది. ఊరి మొదట్లో వేపచెట్టు కింద ఆపి బానెట్టు ఎత్తాను. మూత వెంటనే తీయకూడదు, ఒత్తిడికి మరిగే నీళ్ళు ముఖాన కొడతాయి. తడిగుడ్డ వేసి అరగంట ఆగాలి. ఆగాను. ఎదురింటి నుంచి ఒక పెద్దామె వచ్చి నిలబడింది. "ఏం సామీ, బండి కాలిందా?" అంది. "అవునమ్మా, రెండు చెంబులు బోరు నీళ్ళుంటే చాలు" అన్నాను. "బోరా? అది ఎండి యాన్నాళ్ళో అయింది" అని లోపలికి పోయి ప్లాస్టిక్ బిందె ఒకటి చంకన పెట్టుకుని వచ్చింది. మూతి దగ్గర చిరుగు పడి, దాన్ని వేడి ఇనుముతో కాల్చి అతికించిన పచ్చ బిందె. "సత్యసాయి నీళ్ళు. ఇవే ఉండాయి, పోసుకో" అంది.

సత్యసాయి నీళ్ళంటే మా జిల్లావాళ్ళకు విడమరిచి చెప్పనక్కర్లేదు. 1990ల నడుమ పుట్టపర్తి ట్రస్టు ఏడువందలకు పైగా ఊళ్ళకు వేయించిన గొట్టాల నీళ్ళు. తాగడానికీ వంటకూ తప్ప చేయి కడుక్కోవడానికి కూడా లెక్క చూసుకునే నీళ్ళు. మళ్ళీ ఎప్పుడు వదులుతారో ఆ ఊళ్ళో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్తారు.

ఆ బిందె చూడగానే నా మనసులో మొదట మెదిలింది జాలి కాదు, మొహమాటం కూడా కాదు. 'ఇవి రిజర్వాయరు నీళ్ళు, ఉప్పు తక్కువ, రేడియేటరుకు మంచిది' అనిపించింది. మొహమాటం తర్వాత వచ్చింది. వచ్చాక కూడా వద్దనలేదు. ఇంజిను స్టార్టు చేసి, వేడి హెడ్డుకు చల్లనీళ్ళు ఒక్కసారిగా తగలకుండా సన్నధారగా, పద్ధతి ప్రకారం పోశాను. సగం బిందె తాగింది బండి. నేను డబ్బు తీయబోతే ఆమె "నీళ్ళకు దుడ్లా!" అని నోరు నొక్కుకుంది. ఆమె ముఖంలో కనిపించిన ఆశ్చర్యం కన్నా, ధార సన్నగా పోయడంలో నేను చూపించిన నేర్పే నాకు ఎక్కువ గుర్తు. దాన్ని స్టాఫ్ రూములో చెప్పాను కూడా. బిందె సంగతి వదిలేసి.

ఇప్పుడు డిక్కీలో అయిదు లీటర్ల కూలంటు డబ్బా ఉంటుంది. బ్యాటరీకి పోసే డిస్టిల్డు వాటరు కూడా. అవి కొనడానికి అయిన డబ్బు అంతకుముందూ నా దగ్గర ఉంది. పొదుపు అనే పేరు పెట్టుకుని కొనలేదంతే.

పొదుపంటే గుర్తొచ్చింది, పెట్రోలు. మాలాంటివాళ్ళు ట్యాంకు నింపరు. రెండొందలకు, మూడొందలకు కొట్టించుకుంటారు. ముల్లు ఎప్పుడూ అడుగున ఆడుతూ ఉంటుంది. ఎంపీఎఫ్ఐ బండిలో పెట్రోలు పంపు ట్యాంకులోనే మునిగి ఉంటుంది, చుట్టూ ఉన్న పెట్రోలే దాన్ని చల్లబరచాలి. ట్యాంకు అడుగంటినప్పుడల్లా పంపు వేడికి మాడుతుంది, అడుగున పేరుకున్న మడ్డి కూడా జల్లెడకు పట్టేస్తుంది. మూడొందల పెట్రోలు అలవాటు చివరికి కొన్ని వేల పంపు ఖర్చు తెచ్చిపెడుతుంది. ఎయిర్ ఫిల్టరు సంగతీ అంతే. ఆషాఢం గాలి మొదలైందంటే మా వైపు ఎర్రదుమ్ము లేస్తుంది. రామగిరి గుట్టల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు. ఆ రెండు మూడు నెలలు ఫిల్టరు కాగితం మడతల్లో గుప్పెడు మన్ను చేరుతుంది. పుస్తకంలో రాసిన కిలోమీటర్ల లెక్క ఇక్కడ చెల్లదు. ఇవి తెలిసీ నేను ఫిల్టరును దులిపి మళ్ళీ పెట్టించేవాణ్ణి.

మా నాయన కళ్యాణదుర్గం పక్కన శెనక్కాయ పండించేవాడు. పండించేవాడు అనడం మర్యాదకే, విత్తేవాడు అనాలి. విత్తాక ఆయన చేయగలిగింది ఆకాశం వైపు చూడటం. ఊడలు దిగే వేళకు వాన రాకపోతే దానికి మేస్త్రీ లేడు, స్పేరు పార్టు లేదు. ఆయన అరుగు మీద కూర్చుని ఏమీ చేయకుండా ఉండటం నేను చాలా చూశాను. సోమరితనం కాదది, చేయడానికి ఏమీ లేకపోవడం. పాత కారు మీద నా మమకారానికి వేరు అక్కడుందని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. బాగుచేయడానికి వీలున్న కష్టం ఒక్కటైనా చేతిలో ఉండాలని, రెంచి పట్టుకుంటే దారికొచ్చే ఇబ్బంది ఒక్కటైనా కావాలని. అందులో అబద్ధం లేదు. కానీ అది నాకు బాగా పనికొచ్చే నిజం. దాన్ని ముందు పెడితే దాని వెనక ఇంకేం దాచినా ఎవరూ అడగరు. నాన్నను అడ్డం పెట్టుకున్న కొడుకును ఎవరు తప్పుబడతారు?

దాచింది ఇది. 2019లో ఎర్రమంచి దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి సెల్టోస్ కార్లు రావడం మొదలైంది. కృష్ణా నీళ్ళు గొల్లపల్లి రిజర్వాయరుకు చేరడం, అక్కణ్ణుంచి ఫ్యాక్టరీకి పోవడం మేమంతా చూశాం. హైవే మీద తెల్లటి కొత్త బండ్లు పేర్చుకున్న పొడుగాటి ట్రెయిలర్లు పోతుంటే, పక్కన నా 800 వాటి గాలికి ఊగేది. నా సహోద్యోగులు ఒక్కొక్కరే అప్పు చేసి కొన్నారు. నేను కొనలేదు. కొనలేక కాదు, నా జీతం వాళ్ళ జీతమే. పాత బండి నడుపుతుంటే వాళ్ళ మధ్య నేనొక మెట్టు పైన ఉన్నట్టుండేది. 'సార్ చాలా సింపుల్' అనే మాట కోసం నేను ఎండలో ఎంత దూరమైనా నడుపుతాను. ఆర్భాటం లేదని చూపించుకోవడం కూడా ఆర్భాటమేనని ఒప్పుకోవడానికి నాకు ఇష్టం లేకపోయింది, ఇప్పుడూ పెద్దగా లేదు.

ఆ సింపుల్‌తనం ఖర్చు నేనొక్కణ్ణే పెట్టుకుని ఉంటే సరే. వేడెక్కిన ఇంజినును చల్లబరచడానికి ఒక చిట్కా ఉంది. ఏసీ ఆపి, హీటరు పూర్తిగా తిప్పి బ్లోయరు వేస్తే, ఇంజిను వేడి కొంత క్యాబిన్లోకి వచ్చి ముల్లు దిగుతుంది. హీటరు కూడా ఒక చిన్న రేడియేటరే మరి. పెనుకొండ దాటే దాకా మే నెలలో, బయట 42 డిగ్రీలున్నప్పుడు, నా భార్య కాళ్ళ మీదికి ఆ గాలి వదిలి నేను ముల్లు దిగడం చూసి మురిసిపోయాను. 'చూశావా, దిగింది' అన్నాను. ఆమె కొంగు తడిపి మొహాన వేసుకుని ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక రెండు రోజులకు అంది: "దాని కూతలన్నీ ఇంటారు. కట్ కట్ మంటే బుష్షు, టక్ టక్ మంటే ఇంకోటి. మిద్ద మీది నీళ్ళ మోటరు కూస్తాందని నెల నుంచి చెప్తాండా. అది మాత్రం మీ చెవికి పడదు."

మోటరు బాగుచేయించాను. బేరింగు పోయింది, కారు చక్రపు బేరింగు పోయినప్పటి హోరే. మిద్ద ఎక్కి వినుంటే ఆ రోజే తెలిసేది.

మేస్త్రీ సంగతి కూడా చెప్పాలి. ఇరవై ఏళ్ళుగా 800లు విప్పుతున్న చేయి. బానెట్టు ఎత్తకముందే ఇంజిను చప్పుడు విని సగం చెప్పేస్తాడు. అతని దగ్గర హెడ్డు దింపి ఎక్కించే కూలికి నేను బేరమాడతాను. మూడొందలు తగ్గిస్తే గెలిచినట్టు. అదే నా సహోద్యోగులు షోరూములో, బిల్లు మీద రాసిన లేబరు చార్జీకి మారుమాట లేకుండా కార్డు గీకడం చూస్తాను. వాళ్ళను చూసి నవ్వుకుంటాను కూడా. అయితే వాళ్ళు ఏ పనివాడి కూలీ కోయలేదు. నేను కోశాను, 'పాత బండికి ఇంతేంది భాయ్' అనే మాటతో. బండి పాతదైతే చేతి పని ఎక్కువవుతుంది గానీ తగ్గదు. బిగుసుకుపోయిన బోల్టు ఒక్కటి విరక్కుండా తీయడానికి ఒక పూట పడుతుంది. అతను ఈమధ్య షెడ్డులో కుర్రాళ్ళు నిలవడం లేదంటాడు. పని నేర్చుకోగానే ఫ్యాక్టరీ వైపో, బెంగళూరు వైపో పోతున్నారట. 'వాళ్ళను ఏమనాల సార్, మీరిచ్చే కూలికి నేనే ఎట్లో ఉండా' అని నవ్వుతూనే అన్నాడు. నేనూ నవ్వాను, వేరే దారి లేక.

2022 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్ళు దాటిన కారు ఆర్సీ రెన్యువల్ ఫీజు 600 నుంచి 5,000 అయింది. నాది ఒకసారి పాత ఫీజుతో అయిపోయింది, రెండోసారికి కొత్త ఫీజు పడింది. పైన గ్రీన్ ట్యాక్స్, ఫిట్‌నెస్సు. కట్టేశాను. అది పొదుపు కాదని కట్టేటప్పుడే తెలుసు.

మొన్న మా అక్క కొడుకు వచ్చాడు. కొత్త ఉద్యోగం, ధర్మవరంలో. పాత ఆల్టో చూశానని, నన్ను తోడు రమ్మన్నాడు. పొద్దున్నే, ఓనరు స్టార్టు చేయకముందే పోవాలని చెప్పాను. ఇంజిను చల్లగా ఉన్నప్పుడే రేడియేటరు మూత తీసి చూడాలి. లోపల ఎర్రటి తుప్పునీళ్ళా, రంగు కూలంటా? స్టార్టు చేశాక బుడగలు ఆగకుండా వస్తుంటే గ్యాస్కెట్టు పోయినట్టు, తిరిగి వచ్చేయ్. ఆయిలు డిప్‌స్టిక్కుకు పాల మీగడలాంటిది అంటుకుని ఉంటే అదే జబ్బు. డాష్‌బోర్డు మీద ఇంటి స్విచ్చు కనిపిస్తే ఎందుకు పెట్టారో అడుగు. అన్నీ వాడు ఫోనులో రాసుకున్నాడు. నేను చెప్పిన జబ్బుల్లో సగానికి పైగా బయట వేపచెట్టు కింద నిలబెట్టిన నా బండిలోనే ఉన్నాయి. వాడు కిటికీలోంచి దాని వైపు చూశాడు.

"నీది ఇచ్చేస్తావా మామా? నాకు దీని రోగాలన్నీ తెలిసిపోయినాయి కదా."

"లక్షా ఇరవై" అన్నాను.

వాడు పడీపడీ నవ్వాడు. "అంత దుడ్డు పెట్టి ఎవురు కొంటారు మామా దాన్ని?"

నేను లక్షా ఇరవై నుంచి దిగలేదు. కాసేపు చూసి, వాడు ధర్మవరం బస్సుకు టైమవుతోందని లేచాడు.